తడి కట్టెలు, మూడు అగ్గిపుల్లలు

కాదు ఫాదర్, మోకాళ్ళ మీద కూర్చోమనకండి. రెండు రోజులు తడి గుడారాల్లో పాకి పాకి ఇవి బన్రొట్టెల్లా ఉబ్బాయి. నిలబడే చెప్తా. నిలబడినవాడి మాట దేవుడికి వినపడదా ఏం?

ఇంకోటి. మధ్యలో నాకు నవ్వొస్తే మీరేమీ అనుకోకూడదు. పొద్దున్నుంచీ ఇదే గోల. ఇందాక పూజలో కూడా వచ్చింది. మందుల షాపావిడ వెనక్కి తిరిగి మరీ చూసింది. ముసలాడికి జ్వరం తలకెక్కిందనుకుని ఉంటుంది.

మా స్కౌటు పిల్లల్ని సాన్ నది ఒడ్డుకి తీసుకెళ్ళానా? శుక్రవారం బస్సు దిగామో లేదో మొదలైంది. వానంటే వానా అది! ఆకాశానికి చిల్లు పడింది. పదకొండు మంది పిల్లలు, బొగ్నా, నేను. బొగ్నా ఎవరంటారేంటి ఫాదర్, మీరే కదా బాప్తిస్మం ఇచ్చారు! కాలేజీ పిల్ల, నాకు సాయంగా వస్తుంటుంది.

గుడారాలా, పాతకాలం కాన్వాసువి. వాన పడేటప్పుడు లోపల్నించి వేలు తగిలిందా, తగిలిన చోటల్లా కారుతుంది. అందరికీ చెప్పా. ఒకటికి నాలుగుసార్లు చెప్పా. గ్నెవ్కో గాడున్నాడు చూశారూ, వాడు నేను చెప్పింది నిజమో కాదో చూద్దామని కప్పు మీద వేలితో తన పేరు రాశాడు. గంట తిరక్కుండా ఆ పేరు మొత్తం, అక్షరం పొల్లుపోకుండా, వాడి దుప్పటి మీదే కారింది!

"మాస్టారూ, మీరు చెప్పింది నిజమే" అని వచ్చాడు, తడిసిన కోడిలా. నేనేం చెయ్యను? తిట్టాలా, నవ్వాలా?

ఆ... వస్తున్నా ఫాదర్, అక్కడికే వస్తున్నా. పాపం దగ్గరికి రావాలంటే ముందు వానలోంచి రావాలి కదా.

కలీనా తెలుసా మీకు? పదమూడేళ్ళ పిల్ల. మాట తక్కువ. స్కౌటు ప్రమాణం చెయ్యాలని ఏడాదిగా కాచుక్కూర్చుంది. మా దండులో ఓ నియమం ఉంది. ప్రమాణం చేసేవాళ్ళు మంట తామే వెలిగించాలి. మూడు అగ్గిపుల్లలే, కట్టె, బెరడు తప్ప ఇంకేం పెట్టకూడదు. నాలుగోది అడిగితే మళ్ళీ వచ్చేసారే. ఎవరు పెట్టారంటారా? నేనే పెట్టా. నలభై రెండేళ్ళయింది. మేయరు గారబ్బాయికి కూడా నాలుగో పుల్ల ఇవ్వలేదు నేను.

ఈ పిల్ల వసంతంలో ఓసారి ఓడింది. గాలి. జూన్‌లో మళ్ళీ ఓడింది. అప్పుడు చేతులు వణికాయి. ఈసారీ ఆరిపోతే మెడకి కట్టుకునే స్కార్ఫు తిరిగిచ్చేసి వెళ్ళిపోతానని బొగ్నాతో చెప్పిందట. అప్పుడే మడత పెట్టి జేబులో పెట్టుకుంది. నేను చూశా.

శనివారం మధ్యాహ్నం బొగ్నా నా దగ్గరికొచ్చింది. "మాస్టారూ, కట్టెలు పిండితే నీళ్ళు కారుతున్నాయి. ఈ ఒక్కసారికి వాయిదా వేద్దాం. పోనీ పుల్లలు పది చేద్దాం."

"వాన పడిందని నది పారడం మానుతుందా?" అన్నాను.

"నదికీ నిప్పుకీ పోలికేంటి మాస్టారూ?"

నిజమే, పోలిక లేదు. కానీ అనేశాక వెనక్కి తీసుకుంటానా? నా సంగతి మీకు తెలుసు కదా.

సరే. సాయంత్రం ఆరింటికి, ఇంకా వెలుగుండగానే, కట్టెలు పేర్చింది. పైన చెట్టుకీ చెట్టుకీ టార్పాలిన్ కట్టాం. కాగితంలా అంటుకునే భోజ చెట్టు బెరడు చీల్చి కింద పెట్టింది. చక్కగా పెట్టిందిలెండి, వంక పెట్టడానికి లేదు. అందరూ గుడారాలకెళ్ళి యూనిఫాంలు వేసుకొచ్చాక గుండ్రంగా నిలబడ్డాం. ఒక్కడు దగ్గితే ఒట్టు. మొదటి పుల్ల గీసింది.

ఫాదర్! ఏం చెప్పమంటారు! భుస్సుమంది! ఆ మంట లేచి టార్పాలిన్‌ని అందుకుంది. గ్నెవ్కో గాడి కనుబొమలు మాయం. టీ గిన్నె తిరగబడింది. పిల్లలు కెవ్వుమని అరుస్తూ తలో దిక్కూ పరుగు. టార్పాలిన్‌కి చిల్లు పడి అందులోంచి వాన ధారకట్టి పడుతుంటే కూడా ఆ మంట ఆరదే! నల్లటి పొగ, పచ్చటి మంట, మధ్యలో నీలం మంట. భోజ బెరడు అలా మండటం నేను పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు.

"ఒక్క పుల్ల! ఒకే ఒక్క పుల్ల!" అని గంతులేస్తున్నారు అందరూ. రబ్బరు కంపు కొడుతోంది. "ఏంట్రా ఈ వాసన?" అంటే, "దేవదారు జిగురు మాస్టారూ" అన్నాడు గ్నెవ్కో గాడు. కనుబొమలు లేని మొహంతో!

సర్దుకున్నాం. మళ్ళీ గుండ్రంగా నిలబడ్డాం. కలీనా ప్రమాణానికి రెండు వేళ్ళు ఎత్తింది. ప్రమాణం చేసినవాళ్ళకిచ్చే సిలువ బిళ్ళ నేను చేతిలో పట్టుకున్నా. "నా జీవితమంతా..." అని మొదలుపెట్టింది. ఆగిపోయింది.

వేళ్ళు దించేసింది ఫాదర్.

"నేను చెయ్యలేను మాస్టారూ. బెరడు కింద సైకిలు ట్యూబు ముక్క పెట్టాను."

ఆ పిల్ల ఏడవలేదు. తలొంచుకుని, జేబులోంచి స్కార్ఫు తీసి నా ముందుకి చాపింది.

నేను నోరు తెరిచేలోగా గ్నెవ్కో గాడు ముందుకొచ్చాడు. "నేను చిప్సు ప్యాకెట్లు పెట్టా మాస్టారూ. నాలుగు. ఒకటి నిండుది, తినకుండా పెట్టా. తనకి తెలీదు."

ఇంకో పిల్ల వంటనూనెలో ముంచిన దేవదారు కాయలు పెట్టిందట. అదీ సంగతి! మధ్యాహ్నం వంటలో నూనెచుక్క లేకపోతే వంటవాళ్ళని తిట్టానే! ఒకడు టేబుల్ టెన్నిస్ బంతులు. ఒకడు వాళ్ళ నాన్న దగ్గర కొట్టేసిన పొయ్యి రాజేసే బిళ్ళ. ఒక్కొక్కళ్ళే, ఒక్కొక్కళ్ళే. ఎవరికి వాళ్ళు నేనొక్కణ్ణే అనుకున్నారట! చివరికి బొగ్నా, చెవులు ఎర్రబడిపోయి, "నాది బూటు పాలిష్ మాస్టారూ. డబ్బాడు" అంది.

అది కట్టెల కుప్పా ఫాదర్? బాంబు!

ఎవరు ముందు నవ్వారో తెలీదు. ఇంక చూడండి, బురదలో పడి దొర్లారు. నేను చెట్టు పట్టుకుని నవ్వా, కడుపు నొప్పొచ్చేదాకా.

తర్వాత అందరూ లేచి నా వైపు తిరిగారు. ఏం తీర్పు చెప్తానా అని.

నేను గొంతు సవరించుకున్నా. "తప్పు ఒప్పుకోడానికి గుండె కావాలి. ఎవరూ అడక్కుండానే ఒప్పుకుంది ఈ పిల్ల. ఇంతకన్నా ప్రమాణం ఏముంటుంది?" అన్నా. స్కార్ఫు నేనే మెడకి కట్టి, సిలువ బిళ్ళ చొక్కాకి గుచ్చా. పిల్లలు నన్ను భుజాలకెత్తుకున్నారు. ఎత్తుకుని జారి పడేశారు, అది వేరే సంగతి.

బొగ్నా నన్ను లేపుతూ అంది కదా, "మొత్తానికి మోసం చెయ్యనిది మీరొక్కరే మాస్టారూ."

నేను... నవ్వాను ఫాదర్. అవునన్నట్టు నవ్వాను.

ఫిబ్రవరిలో మీరు దీవించి ఇస్తారే, ఉరుముల కొవ్వొత్తి. మా ఆవిడ ఓటిలియా పోయేటప్పుడు చేతిలో వెలిగించి పెట్టాం. మిగిలింది నా వంతుకని దాచుకున్నా. పిడుగులు పడితే పిల్లలకి అండగా ఉంటుందని సంచీలో తీసుకెళ్ళా. అందరూ యూనిఫాంలు వేసుకోడానికి వెళ్ళినప్పుడు చాకుతో ముక్కలు కోసి బెరడు కింద దోపాను.

ఓటిలియా ఉంటే ఏమనేదో తెలుసా? "నియమం మార్చడానికి నోరు రాలేదు గానీ, కొవ్వొత్తి కొయ్యడానికి చెయ్యెలా వచ్చింది ముసలాడా?" అనేది.

కొవ్వొత్తి కాల్చడం పాపం కాదంటారా? తెలుసు. నా గొడవ దాని గురించి కాదు. పదకొండు మంది పిల్లలు చెప్పారు. బొగ్నా చెప్పింది. నేను ఉపన్యాసం ఇచ్చాను!

ఎందుకు చెప్పలేదంటే, దండు కోసమనీ నియమం కోసమనీ బస్సులో చాలా అనుకున్నా. అదేం కాదు. భయమేసింది ఫాదర్. వాళ్ళు నన్ను చూసే చూపు మారిపోతుందేమోనని. అంతే.

ప్రాయశ్చిత్తానికి ఎన్ని జపమాలలు చెప్పమంటారు? పదా? ఇరవై ఇవ్వండి, ముప్పై ఇవ్వండి...

ఏంటీ? పిల్లలకా? అందరి ముందరా?

జపమాలలు అక్కర్లేదా అసలు?

ఫాదర్, మీకు తెలీదు, ఆ గ్నెవ్కో గాడు నా మీద పాట కడతాడు. ఊరంతా పాడిస్తాడు...

సరే. శుక్రవారం దండు కూడినప్పుడు చెప్తా. ముందు ఆ పిల్లకి, తర్వాత అందరికీ. పాట కడితే కట్టుకోనీండి. వరస మాత్రం నేనే చెప్తా. వాడికి రాగం రాదు.