ఇంటర్వెల్ గుడాలు: శ్రీ రేవణసిద్ధప్ప గారి పదవీ విరమణ వేళ

శ్రీ రేవణసిద్ధప్ప గారు 1996వ సంవత్సరం జూలై పన్నెండవ తేదీన ఝరాసంగం మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులుగా విధుల్లో చేరారు. జహీరాబాద్ నుంచి షేర్ ఆటోలో, పత్తి బస్తాల మధ్య ఇరుక్కుని వెళ్లి, పిల్లల కంటే ముందే బడి తాళం తీసేవారు. తడిగుడ్డలో కట్టిన శనగలతో మొలకల పాఠం చెప్పేవారు. గంట కొట్టేసరికి పిల్లలు గీసిన మొలక బొమ్మ పుస్తకంలోకి, మొలకలు పొట్టలోకి చేరేవి.

2009లో పదోన్నతి పొంది కోహీర్ ఉన్నత పాఠశాలకు జీవశాస్త్ర ఉపాధ్యాయులుగా వెళ్లారు. అక్కడ రక్తహీనతతో ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయే ఆడపిల్లలను చూసి, ఆనాటి నుంచి పిల్లల తిండి విషయాన్ని తమ సొంత బాధ్యతగా తలకెత్తుకున్నారు. 2018లో మన పాఠశాలకు బదిలీపై వచ్చేటప్పుడు ఆ బాధ్యతను కూడా వెంట తెచ్చుకున్నారు.

ఉప్పు, చక్కెర, నూనె మితిమీరిన తినుబండారాలు బడిలోనూ, బడి దరిదాపుల్లోనూ ఉండరాదన్న నిబంధనను 2022లో మన పాఠశాలలో అమలు చేసే పని సహజంగానే వారికి అప్పగించారు. సిద్ధప్ప గారు పట్టిన పని సగంలో వదిలే మనిషి కారు. గేటు ముందు చిప్స్ ప్యాకెట్ల తోరణాలు మాయమయ్యాయి. పుట్టినరోజు చాక్లెట్ల స్థానంలోకి జామపండ్లు వచ్చాయి. రోజూ ప్రార్థన ముగియగానే సంచుల తనిఖీ. దొరికిన ప్యాకెట్ బుట్టలోకి, దాని యజమాని వరుస ముందుకు. నెల తిరక్కుండానే పిల్లలు తమలో తాము వారికి ‘చిప్స్ సారు’ అని నామకరణం చేశారు. అది విని వారే అందరికంటే ముందు నవ్వారు.

ఆ చలికాలంలో ఏడవ తరగతి చదివే అక్షత బడికి రావడం మానేసింది. జ్వరమేమో అనుకున్నారు. ఆ పిల్ల తల్లితో కలిసి అల్లం తోటలో కనిపించిందని గణితోపాధ్యాయిని త్రివేణి గారు చెప్పగానే సిద్ధప్ప గారికి విషయం అర్థమైంది. అంతకు కొద్ది రోజుల ముందు ఆ పిల్ల సంచిలోంచి ప్యాకెట్ తీసింది తామే. ఏడవ తరగతిలో బడి మానిన ఆడపిల్ల తిరిగి రావడం ఎంత కష్టమో వారికి తెలుసు. సాయంత్రం స్కూటర్ తీసి నేరుగా ఆ ఇంటికి వెళ్లారు.

అక్షత తల్లి బాలమణి గడప దగ్గరే చేతుల మట్టి కడుక్కుంటోంది. కుర్చీ తెచ్చి వేసింది గాని, మాట మాత్రం దాచుకోలేదు.

“మీ రూలు మంచిదే సారు, నేను కాదంటలేను. నేను చీకట్ల లేచి అల్లం తవ్వబోత. పొయ్యి ముట్టిచ్చి రొట్టె చేసే యాళ్ల ఏడుంటది? గా ప్యాకెట్టే నా బిడ్డకు పొద్దటి బువ్వ. మీరేమో గది అందరి ముంగట గుంజుకున్నరు.”

తలుపు వెనుక నుంచి అక్షత గొంతు సన్నగా వినిపించింది. “నన్ను ప్యాకెట్ పిల్ల అంటున్నరు సార్. నేను రాను.”

సిద్ధప్ప గారు కుర్చీని తలుపు వైపు తిప్పుకున్నారు. “రేపటి నుంచి ఎవ్వరి సంచీ చూడ బిడ్డా. జర బడికి రా,” అన్నారు.

“మరి ఆకలైతే?”

అక్షత వేసిన ఆ ప్రశ్నను వెంటబెట్టుకునే వారు ఇంటికి తిరిగారు. జవాబు మర్నాడు బడి వంటగదిలో మొదలైంది.

పదకొండు గంటల ఇంటర్వెల్‌లో బడిలోని పిల్లలందరికీ గింజలు ఉడికించి గుడాలు పెడదామని ప్రతిపాదించారు. ఝరాసంగంలో మొలకల పాఠం విన్న శిష్యుడు చందర్ ఇప్పుడు రైతు. విషయం చెవిన పడగానే తోటి రైతులను కూడగట్టి, శనగలూ బొబ్బెర్లూ మేమిస్తామని ముందుకొచ్చాడు. మధ్యాహ్న భోజనం వండే బీరమ్మ మాత్రం నడుము మీద చేయి పెట్టుకుని నిలబడింది.

“రూలు మీది, పొయ్యి నాదా సారు?”

“పొయ్యి నేనే ముట్టిస్త బీరమ్మా. ఉడకబెట్టుడు జర నువ్వు చూడు.”

అన్నట్టే మర్నాడు తెల్లవారుతూనే వచ్చి పొయ్యి ముట్టించారు. ఆ హడావుడిలో బీరమ్మ వేసిన ఉప్పు చూసుకోక తామూ ఇంకో గుప్పెడు వేశారు. పిల్లలు గుడాలు నములుతూ నీళ్ల నల్లా దగ్గరికి పరుగులు తీశారు. “ఉప్పు తగ్గించాలని బోర్డు మీద రాసిన చెయ్యి ఇదేనా సార్?” అని త్రివేణి గారు అడిగితే, సిద్ధప్ప గారు ఆ చేతిని మెల్లగా జేబులో పెట్టుకున్నారు.

ఉప్పు సంగతి మర్నాటికే సర్దుకుంది. సిద్ధప్ప గారు పట్టుబట్టిన ఏర్పాటు మాత్రం నేటికీ అలాగే ఉంది. ఎవరు తిని వచ్చారు, ఎవరు తినలేదు అని అడగకూడదు. ఆఫీసర్ గారి అబ్బాయైనా, కూలీ తల్లి బిడ్డైనా ఒకే వరుసలో, ఒకే రకం గిన్నె పట్టుకుని నిలబడాలి. ఉపాధ్యాయులు కూడా అదే వరుసలో నిలబడాలి.

వారం గడిచాక ఆ వరుస చివర అక్షత కనిపించింది. సిద్ధప్ప గారు గరిటె ఆపలేదు, ఎక్కడికి పోయావని అడగలేదు. అందరికీ వేసినంతే వేశారు. కాసేపటికి ఖాళీ గిన్నె మళ్లీ ముందుకొచ్చింది.

“ఇంకొన్ని వెయ్యున్రి సార్.”

ఈసారి గరిటె నిండుగా పడింది. ఆ తర్వాత వారు కళ్లద్దాలు తీసి, ఆవిరి పట్టిందంటూ చాలాసేపు తుడుచుకున్నారు. తనిఖీ లేకపోయినా ఆ ఏడాది ముగిసేలోగా ప్యాకెట్లు వాటంతట అవే తగ్గిపోయాయి. అక్షత ఈ వేసవిలో పదవ తరగతి పరీక్షలు రాసింది.

ఈ నెలాఖరున శ్రీ రేవణసిద్ధప్ప గారు పదవీ విరమణ చేస్తున్నారు. వచ్చే జూన్‌లో బడి తెరిచిన నాడు పొయ్యి ఎవరు ముట్టిస్తారన్న చింత వారికి వద్దు. వంతులు వేసుకున్నాం, మొదటి వంతు త్రివేణి గారిది. ఇన్నేళ్లూ తెల్లవారకముందే వారిని బడికి సాగనంపిన సహధర్మచారిణి శ్రీమతి నవత గారితో కలిసి ఇకనైనా తీరిగ్గా కూర్చుని వేడివేడిగా తినాలని, తిన్నది వంటబట్టి, కంటినిండా నిద్రపట్టి, మందుల డబ్బా అవసరం పడని ఆయుష్షుతో నిండుగా నూరేళ్లు వర్ధిల్లాలని, ఏ పదకొండు గంటలకైనా వచ్చి మా వరుసలో నిలబడాలని సిబ్బంది, విద్యార్థుల పక్షాన మనసారా కోరుకుంటున్నాం.