బాల్కనీ సీను

"ఆ బాల్కనీ సీను తీయించెయ్యమనండి అంకుల్. నేనడిగేది అదొక్కటే."

"తీయించెయ్యడానికి అదేమన్నా మన పెళ్లి వీడియోనా ఆరన్? ఇటలీ వాళ్ల సినిమా."

"చూశారా? చూశారా అంకుల్? పేరు పెట్టి పిలుస్తోంది!"

"విడాకుల కాగితాల్లో ‘ఏవండీ’ అనాలని ఎక్కడా రాయలేదు."

"ఆగమ్మా మార్తా. ఆరన్, నువ్వూ కూర్చో. ముందు టీ తాగండి ఇద్దరూ."

కెనడాలోని మిస్సిసాగాలో ప్రేమానందం గారి టౌన్‌హౌస్. ఆదివారం ఆరాధన ముగిసి గంటయింది. మూడేళ్ల కిందట ఇదే హాల్లో సంఘ పెద్దలు కూర్చుని మార్తా మాట కొట్టిపారేసి, ఆమె భర్త ఆరన్ మాటే నమ్మారు. ఆ పెద్దల్లో మొదటి కుర్చీ ప్రేమానందం గారిదే. ఆ తర్వాత విడాకులయ్యాయి. వచ్చే నెల ఆయన కూతురు ఏనీకి ఆరన్‌తో పెళ్లి. మార్తా మళ్లీ ఈ గడప తొక్కడం ఇదే మొదలు. పిలిస్తే వచ్చింది గానీ, కోటు విప్పలేదు.

"నాకు టీ వద్దు ప్రేమానందం గారూ."

"ప్రేమానందం గారూ ఏంటమ్మా కొత్తగా? అంకుల్ అనేదానివి."

"అనేదాన్నే."

"సరే... ఇంతకీ ఏంటీ సినిమా గొడవ? నేను చూళ్లేదు. ఏనీ చూసి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు."

"నేను చెప్తా అంకుల్. ఒక డాక్టరు, వాడి పెళ్లాం. కొండమీద పాత ఇల్లు. వాడు వస్తువులు దాచేసి, నువ్వే పారేశావంటాడు. లేని మతిమరుపు అంటగడతాడు. ఆవిడకి నిజంగానే పిచ్చెక్కుతుంది."

"దెయ్యం సినిమానా?"

"దెయ్యం లేదండీ అందులో. మొగుడే."

"మార్తా! ఇదే నేను చెప్పేది. ఆ మొగుడి మాటలు... ఆ తెలుగు సబ్‌టైటిల్సు... అవి నావి అంకుల్! నేను ఇంట్లో మామూలుగా అనే మాటలు. ఈవిడ సబ్‌టైటిల్స్ పని చేస్తుంది కదా, నా మాటలన్నీ తీసుకెళ్లి ఆ రాక్షసుడి నోట్లో పెట్టింది!"

"నిజమేనా అమ్మా? నువ్వే రాశావా అది?"

"నేనా పని చేస్తానని సంఘమంతటికీ తెలుసు కదా."

"అది కాదు, ఈ సినిమాకి..."

"మీకేమనిపిస్తోంది?"

"ఇంకేం అనిపించాలి అంకుల్? సినిమా గ్రూపులో కామెంట్ పెట్టింది. నా ఫోన్లో ఉంది, వినండి. ‘ఆ మొగుడి మాటలు నాకు కొత్త కాదు, మూడేళ్లు విన్నాను.’ కింద ఎవరో అడిగారు, అక్కా సబ్‌టైటిల్స్ మీరేనా అని. దానికి రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది!"

"నమస్కారం పెట్టడం కూడా తప్పేనా?"

"ఆ కామెంట్ కింద ఎన్ని తిట్లో చూడండి! ఎడ్మంటన్ నుంచి ఒకడు, ‘వీడు కనిపిస్తే మంచులో పాతేస్తా’ అంట. ఒకావిడ, ‘మా ఆయన సగంలో లేచెళ్లి గిన్నెలు కడిగాడు, పెళ్లయిన పదకొండేళ్లలో మొదటిసారి’ అంట. ఇంకొకావిడ వాడి చేతులు విరగాలని ఉపవాసం ఉంటుందట!"

"అందరూ అలా రాయలేదులే. ‘మొగుడి తప్పేముంది, ఆవిడకే పిచ్చి’ అని కూడా రాశారు. నలభై మంది లైక్ కొట్టారు. వాళ్లలో మన సంఘం వాళ్లు ముగ్గురున్నారు ప్రేమానందం గారూ. పేర్లు చెప్పనా?"

"వద్దులేమ్మా."

"మీరు లైక్ కొట్టలేదు. మీరు సినిమా చూళ్లేదు కాబట్టి."

"మార్తా..."

"డాడీ, నేనూ కూర్చోవచ్చా? కిచెన్‌లోకి అంతా వినిపిస్తోంది."

"ఏనీ, నువ్వు పైకెళ్లు. ఇది పాత గొడవ."

"నో డాడీ. ఐ వాచ్‌డ్ ఇట్. నాకూ వినాలనుంది. ఆరన్, ఏ మాటలు నీవి? చెప్పు."

"అన్నీ ఏనీ! ‘నువ్వలా అనుకున్నావు, అనుకున్నవన్నీ జరిగినట్టు కాదు’... అది నాదే. ‘నువ్వు ఏడుస్తుంటేనే ఈ ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది’... అది నేను జోక్‌గా అన్నది! జోక్‌ని తీసుకెళ్లి హారర్‌లో పెడితే ఎలా ఉంటుంది?"

"జోక్‌కి ఎవరు నవ్వారు?"

"నువ్వు మధ్యలో రాకు మార్తా. ‘నిన్ను నమ్మే మనిషి ఒక్కరి పేరు చెప్పు, ఒక్కరి పేరు’... అది కూడా నాదే, పదం పదం!"

"ఆగు బాబూ. ఆ మాట... ఆ మాట నువ్వు ఎప్పుడన్నావు?"

"ఏదో కోపంలో అంకుల్. మొగుడూ పెళ్లాల మధ్య అనుకోరా?"

"అప్పుడు నేనడిగాను నిన్ను. మార్తా ఇదే మాట చెప్పింది, నువ్వన్నావని. లేదన్నావు. ‘నా నోట ఆ మాట రాలేదు, ఆవిడ ఊహించుకుంటోంది’ అన్నావు."

"అంకుల్, అది... అప్పుడు కంగారులో ఉన్నా. ఇప్పుడు అసలు విషయం అది కాదు. బాల్కనీ సీను. అది మరీ ఘోరం."

"ఘోరమే. సినిమాలో గంటసేపు నిలబెట్టాడు మంచులో. మనింట్లోనూ గంటే."

"గంటా? అబద్ధం! ఎన్నిసార్లు చెప్పినా గంట, గంట... పది నిమిషాలు కూడా లేదు! కాళ్లకి చెప్పులు కూడా ఉన్నాయి నీకు!"

ప్రేమానందం గారు చేతిలోని కప్పు కింద పెట్టేశారు.

"ఏంటి? ఏంటలా చూస్తున్నారు?"

"ఆరన్."

"అంకుల్, నేననేది..."

"జనవరి నెల అది. మైనస్ ఇరవై రెండు. ‘ఆయన నన్ను బాల్కనీలో పెట్టి గడియ వేశాడు’ అని ఈ పిల్ల ఇక్కడ, ఆ కార్పెట్ మీద నిలబడి చెప్పింది. నువ్వు ఆ రోజు డ్యూటీలో ఉన్నానన్నావు. ఓక్‌విల్లో. బైబిలు మీద చెయ్యేశావు. బైబిలు నేను పట్టుకున్నాను బాబూ, నా చేతుల్లో."

"డ్యూటీకి వెళ్లే ముందు అంకుల్... నేను మొత్తం చెప్పలేదంతే..."

"వెయిట్. వెయిట్, ఆరన్. టెన్ మినిట్స్. మైనస్ ట్వంటీ టూ. అద్దంలోంచి చూస్తూ నిలబడ్డావా, ఆ మూవీలోలాగా?"

"ఏనీ, బంగారం, విను..."

"డోంట్ కాల్ మీ దట్. సినిమాలో వాడూ అదే అంటాడు."

"మార్తా నిన్ను రెచ్చగొడుతోంది. ఇదంతా ప్లాన్! అర్థం కావట్లేదా?"

"ప్లానే."

"విన్నారా! ఒప్పుకుంది!"

"ఒప్పుకుంటున్నా. ఆ కామెంట్ పెట్టి మూడు వారాలు ఎదురుచూశా. నువ్వు చదువుతావని తెలుసు. చదివి ఊరుకోలేవనీ తెలుసు. ఎవరి దగ్గరికి పరిగెత్తుతావో కూడా తెలుసు. నేనుగా వస్తే నన్ను ఈ ఇంట్లోకి రానివ్వరు కదా, నీ చేతే పిలిపించుకున్నా."

"ఇంత కక్షా నీకు? ప్రార్థనకి వెళ్లేదానివి!"

"కక్షే. నా కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ చలికి మొద్దుబారతాయి. గుండీ పెట్టుకున్న ప్రతిసారీ నువ్వే గుర్తొస్తావు. నిన్ను క్షమించానని చాలామందికి చెప్పాను. ఒక్కసారి కూడా నిజం కాదు."

"డాడీ, పెళ్లి హాల్ బుకింగ్ క్యాన్సిల్ చెయ్యి. నువ్వు చెయ్యకపోతే నేనే చేస్తా."

"చేస్తానమ్మా. ఇప్పుడే చేస్తా."

"అంకుల్! కార్డులు పంచాం! మా అమ్మానాన్నలకి వీసాలొచ్చాయి!"

"నీ కప్పు అక్కడ పెట్టి లే ఆరన్."

"మీరు కూడా ఆవిడ మాట..."

"ఆవిడ మాట కాదు బాబూ. నీ మాటే విన్నా. ఈ రోజు ఆవిడ కొత్తగా ఏం చెప్పింది కనక? మార్తా... అమ్మా... నేను తప్పు చేశాను. నన్ను..."

"వద్దు. ఇక్కడ వద్దు ప్రేమానందం గారూ."

"మరేం చెయ్యమంటావు చెప్పు."

"ఆ రోజు ఈ హాల్లో పదకొండు మంది పెద్దలున్నారు. నేనొక్కదాన్నే నిలబడ్డా. ఇంటికెళ్లి మోకాళ్లూని, నీ ఊహలు పోవాలని ప్రార్థన చేసుకో అన్నారు మీరు. ఆ పదకొండు మందినీ మళ్లీ పిలవండి. ఈసారి నేను కూర్చుంటాను. మీరు నిలబడి చెప్పండి."

"చెప్తాను."

"మన సంఘంలో ఫేబీ వదిన ఉంది కదా, ఆవిడ కూడా రావాలి. నాకు దెయ్యం పట్టిందని ప్రార్థన చేసిన నూనె రాయబోయింది."

"వస్తుంది. నేను తీసుకొస్తా."

"మీ ఇష్టం! అందరూ కలిసి ఏమన్నా చేసుకోండి! కానీ మార్తా, నిన్ను వదలను. రేపు పొద్దున్నే నీ కంపెనీకి మెయిల్ రాస్తా. పర్సనల్ మాటలు తీసుకెళ్లి క్లయింట్ సినిమాలో పెట్టావని. లాయర్‌తో రాయిస్తా. ఆ పని పోతుంది నీకు, చూస్తూ ఉండు. నా మాటలు నావి!"

"రాయి ఆరన్. కాకపోతే సినిమా ఆఖర్న పేర్లు పడతాయి, అక్కడిదాకా చూసి రాయి. తెలుగు రాసింది హైదరాబాదులో ధాత్రి అనే ఒకావిడ. ఆవిడకి నువ్వూ తెలీదు, నేనూ తెలీదు. సినిమాలో ఆ మొగుడు ఇటలీ భాషలో అన్నదే తెలుగులో పెట్టింది."