ఏడవని ఎలుగుబంటి

బొమ్మల సినిమా రెండో భాగం మొదటి ఆట. అందులో ఎలుగుబంటిని గీసిన తండ్రి, ఎనిమిదేళ్ల కూతురితో వరుస మధ్యలో ఇరుక్కుని కూర్చున్నాడు.

“నాన్నా, ఇంటికెళ్లిపోదామా?”

“ష్! వెనకే మా బాసు ఉన్నారు. నచ్చలేదా?”

“మొదటి సినిమాలో ఎలుగు ఏడిస్తే నాకూ ఏడుపొచ్చింది. ఇప్పుడేమో ఊరికే పాటలు పాడుతోంది.”

“ఏడుపు నేను గీశానమ్మా. మా ఆఫీసువాళ్లే తీసేసి పాటలు పెట్టించారు.”

“వద్దని చెప్పలేదా?”

“చెప్తే వింటారా?”

“దీనికోసమేనా రెండేళ్లు ఆదివారాలు కూడా ఆఫీసుకెళ్లావు?”

అతను తెరవైపే చూస్తూ అన్నాడు:

“అవును తల్లీ.”

“మూడోది కూడా తీస్తారా?”

“తీస్తారు. నేను సంతకం పెట్టేశాను.”

“పెట్టేముందు నన్నొక్క మాట అడగొచ్చుగా!”

సినిమా అయిపోయి లైట్లు వెలిగాయి. బాసు ముందుకు వంగి, ఎలా ఉందని పాపనే అడిగాడు. పాప ఒకసారి తండ్రి ముఖం చూసింది.

“చాలా బాగుందండీ!”

ఆఫీసులో తాను రోజూ అనే మాటే అది. కూతురి నోట వినగానే అతను కుర్చీ కింద ఏదో పడిపోయినట్టు వంగి, అందరూ వెళ్లేదాకా వెతుకుతూనే ఉండిపోయాడు.