తెడ్డు వదిలిన పిల్ల

పరాయి దేశంలో, టాంపినీస్ అనే పేటలో ఒక ఫ్లాటు, శనివారం పొద్దున్న. కూతురు యూనివర్సిటీ హాస్టలు నుంచి పెట్టెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది. తండ్రి కాఫీ కలుపుతున్నాడు.

"నాకు గుండెజబ్బని పక్కింటి హైమావతి ఆంటీ కనపడ్డవాళ్ళందరికీ చెబుతోందట, నాన్నా."

"మెల్లగా మాట్లాడు తల్లీ. అద్దెకున్న కుర్రాళ్ళు నైట్ షిఫ్టు చేసొచ్చి ఇప్పుడే పడుకున్నారు. ఆవిడకెవరు చెప్పారంట?"

"నువ్వే. మా పడవ పందేల కోచ్‌కీ అదే అబద్ధం చెప్పి, నన్ను టీములోంచి మాన్పించావుగా."

"మాన్పించనా మరి? మా తాత కాలవ గట్టున పడవలు లాగి లాగి భుజాలు కాయలు కట్టించుకున్నాడు. పడిలేచి కంప్యూటర్ల దాకా వచ్చాం. మళ్ళీ నువ్వు తెడ్డు పడితే ఊళ్ళో నవ్విపోరూ?"

"మా యూనివర్సిటీలో ఏదో ఒక ఆటలోనో నాటకంలోనో ఉంటేనే మరుసటేడు హాస్టలు గది ఇస్తారు నాన్నా. చెప్తే విన్నావా?"

"బాగా చదివేవాళ్ళని గెంటేసే హాస్టలు ఎక్కడైనా ఉంటుందా? బెదిరిస్తున్నావనుకున్నాను."

"నిన్న తాళం తీసేసుకున్నారు."

"నేనొచ్చి వాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను. జబ్బు తగ్గిపోయిందని చెబుతాను."

"నేనూ బతిమాలాను. పడవలో నా చోటుకి ఇంకో అమ్మాయి వచ్చింది. గదీ ఆ అమ్మాయికే ఇచ్చేశారు."

"పోతే పోయింది వెధవ గది! ఇల్లుందిగా. హాయిగా నీ మంచం మీద పడుకుని చదువుకో."

"నా మంచం మీదే కదా నాన్నా, నువ్వు అద్దెకు పెట్టినవాళ్ళు పడుకున్నది."