వీపు మాత్రమే కనిపించే హీరో

మధ్యాహ్నం మూడుంపావు. టక టక టకమని మెట్ల మీద చెప్పుల చప్పుడు. అంతే, ఆఫీసులో మగాళ్లమంతా తలలు దించుకుని పనిలో మునిగిపోయినట్టు నటించేవాళ్లం. వచ్చేది సీరియలమ్మ, అదే, మా పత్రికలో సీరియల్ రాసే ఆవిడ. చేతికి చిక్కితే ప్రశ్నలే ప్రశ్నలు. నువ్వడిగావని చెబుతున్నాను గానీ, ఆవిణ్ణి తలుచుకుని ఎన్నాళ్లయిందో. ఆ కాగితాలు పక్కన పెట్టు అమ్మడూ, ఫ్యాను గాలికి ఎగిరిపోతాయి. ఇందాక ఏమన్నావ్? నీ ప్రేమ నవల అమ్మాయి వైపు నుంచే చెప్పాలా, లేక ఒక అధ్యాయం అమ్మాయి, ఒక అధ్యాయం అబ్బాయి అని ఇద్దరి వైపు నుంచీ చెప్పాలా, అంతేగా? ఈ మాట మీదే మా వారపత్రిక ఆఫీసులో పెద్ద రచ్చ జరిగింది. నవ్వకు. నీకిదేదో కొత్త తలనొప్పి అనుకుంటున్నావు, మీ తాత ఈ తలనొప్పికి బొమ్మలేశాడు.

బొమ్మలంటే, ఆ రోజుల్లో ఇప్పట్లా కాదు. నేను గీసింది తీసుకెళ్లి అచ్చు వెయ్యడానికి రేకు మీద బ్లాకు చేయించాలి, దానికి టైం పట్టేది. అందుకని కథ చేతికి రాకముందే బొమ్మ వేసెయ్యాలి. వచ్చే వారం ఏం జరుగుతుందో ఆవిడ రెండు ముక్కల్లో చెప్పేది, నేను గీసేవాణ్ణి. ఆ తర్వాత ఆవిడ ఇంటికెళ్లి, నా బొమ్మకి సరిపోయేలా కథ రాసుకొచ్చేది. ఓసారి చేయి ఊరుకోక హీరోయిన్ చేతిలో గొడుగు పెట్టేశాను. ఆవిడ ఒక్క మాట అనలేదు, కథలో వాన కురిపించింది. అలాంటి మనిషి. సన్నగా, పొడుగ్గా, భుజాన ఒక గుడ్డసంచీ. చెప్పులు మాత్రం చెక్క మడమలవి, వీధి చివరికి వినపడేవి. ఎవరో ఆవిడకి... ఆఁ, వస్తున్నా, అక్కడికే వస్తున్నా.

ఆ సీరియల్లో అమ్మాయి టెలిఫోన్ ఆఫీసులో పనిచేస్తుంది. అతను అక్కడే లైన్లు బాగుచేసే మనిషి. కథంతా అమ్మాయి కళ్లతోనే. అతను నవ్వితే, ఎందుకు నవ్వాడబ్బా అని ఒక వారం. పలకరించకుండా వెళ్లిపోతే, కోపమా, మర్చిపోయాడా అని ఇంకో వారం. అమ్మాయికి తెలియంది మనకీ తెలియదు. ఆఖరికి అతని మొహం ఎలా ఉంటుందో కూడా రాయలేదు. అదేంటమ్మా అంటే, "ఆ పిల్ల ఇంకా తలెత్తి సరిగ్గా చూడలేదు కదండీ ఆర్టిస్టు గారూ" అనేది. మరి నేనేం గీయను? వీపు గీసేవాణ్ణి. నిచ్చెనెక్కుతున్న వీపు, టీ తాగుతున్న వీపు, వెళ్లిపోతున్న వీపు. వీపులు గీయడంలో నా అంత పనివాడు లేడంటే నమ్ము. చదివేవాళ్లు ఊరుకుంటారా? "మీ హీరోకి మొహం లేదా?" అని ఉత్తరాల మీద ఉత్తరాలు.

దానికి తోడు ఇంకో పత్రికలో అప్పుడే ఒక సీరియల్ మొదలైంది. ఒక వారం ఆమె మాట, ఒక వారం అతని మాట. జనం దాని మీద పడ్డారు. మా ఎడిటరు గారు సీరియలమ్మని పిలిపించి కూర్చోబెట్టాడు. ఆయన గొంతు నీకు తెలియదు గదా, పీపాలోంచి వచ్చినట్టుండేది. "చూడమ్మా, మీరూ అతని వైపు రాయండి. లేదంటే కథ ముగించేద్దాం, ఆ పేజీ ఇంకెవరికైనా ఇస్తాను." ఆవిడేమో సంచీ ఒళ్లో పెట్టుకుని, "అతని మనసులో ఏముందో నాకు తెలియదండీ" అంది. "మీరు పుట్టించిన మనిషేగా!" అన్నాడాయన. "పుట్టించినంత మాత్రాన తెలుస్తుందా అండీ? మీ అబ్బాయి మనసులో ఏముందో మీకు తెలుసా?" అంది. ఆయన గారబ్బాయి అప్పుడే ఇంట్లో చెప్పకుండా ఉద్యోగం మానేసి ఉన్నాడు. ఎడిటరు గారు లేచి ఫ్యాను వేగం పెంచాడు. అయినా చివరికి గడువు మాత్రం పెట్టాడు, రెండు వారాలు.

ఆవిడకి ఆ పేజీ పోతే ఇంకేం లేదమ్మడూ. వారానికోసారి ఆ మెట్లెక్కి, మాతో వాదించి, టీ తాగి వెళ్లడం, అదొక్కటే ఆవిడ సొంతం. అందుకని ఊరికే కూర్చోలేదు. మగాళ్ల మనసులో ఏముంటుందో తెలుసుకోవాలని ఒక్కొక్కర్నీ పట్టుకుంది. అచ్చు అక్షరాలు పేర్పించే కంపోజింగ్ ఫోర్‌మన్‌ని అడిగింది, మీ ఆవిణ్ణి మొదటిసారి చూసినప్పుడు ఏమనుకున్నారండీ అని. వాడు చాలాసేపు ఆలోచించి, "బస్సు తప్పిపోతుందేమో అనుకున్నానండీ" అన్నాడు. లెక్కలాయన్ని అడిగితే, "ఆ రోజు కొత్త బూట్లమ్మా, కాలు కరిచేస్తున్నాయి, ఇంకేం గుర్తులేదు" అన్నాడు. నాకప్పటికి పెళ్లి కాలేదు, బతికిపోయాను. ప్రూఫులు దిద్దే అక్కయ్య ఒకావిడ ఉండేది, నోరు కాస్త ఎక్కువ. "ఊళ్లో వాళ్లనెందుకు, మీ ఆయన్నే అడగండి" అంది. "అడిగాను. 'ఏమనుకుంటాను, బాగానే ఉన్నావనుకున్నాను' అన్నారు. అందులో ఒక వాక్యం వస్తుంది. నాక్కావాల్సింది అధ్యాయం" అంది సీరియలమ్మ. అందరం పగలబడి నవ్వాం. ఆవిడా నవ్వింది గానీ, త్వరగా ఆపేసింది.

ఇక మాలో మాకు వాదనలు. ఫోర్‌మన్ ఏమో, "ఇద్దరి మనసులూ చెప్పేశాక ఇంకేముందండీ, పేకాటలో ఇద్దరి ముక్కలూ చూసేసినట్టు" అనేవాడు. అక్కయ్య ఊరుకుంటుందా, "నీ మొహం! ఇద్దరి ముక్కలూ మనకి తెలిసి, వాళ్లు తప్పు ముక్క వేస్తుంటే చూడు, అప్పుడుంటుంది మజా" అనేది. నిజమే కదా? నాకు ఇప్పటికీ ఇద్దరూ కరెక్టేననిపిస్తుంది. ఒకదాంట్లో, అతను ప్రేమిస్తున్నాడా లేదా అని చదువుతాం. రెండోదాంట్లో, అయ్యో వీళ్లకెప్పుడు తెలుస్తుందిరా అని చదువుతాం. రెండు వేరే వేరే ఆకళ్లు. నువ్వు దేనికి వండుతున్నావో చూసుకో మరి.

ఎక్కడున్నాం? ఆఁ, మొహం. ఎడిటరు గారు నన్ను కూడా వదల్లేదు, "ఈ వారం మొహం గీయాల్సిందే" అన్నాడు. నా బల్ల కిటికీ పక్కన. కింద, వీధికి అవతల, సైకిల్ షాపు ముందు ఒక బెంచీ. దాని మీద ఒకాయన కూర్చుని ఉంటాడు, పక్కన పాత స్కూటరు. అంతకుముందు కూడా చాలాసార్లు చూశాను. మా మేడ వైపే మొహమెత్తి చూస్తుంటాడు. అందగాడేం కాదు, నెత్తి కాస్త పలచబడింది. కానీ ఆ చూడ్డం ఉంది చూడు, ఎవరో తలుపు తీస్తారని గడపలో నిలబడ్డ మనిషిలా ఉండేది. గబగబా గీసేశాను, జుట్టు ఒత్తుగా వేసి, వయసు తగ్గించి. బ్లాకు అయింది, అచ్చయింది.

ఆ తర్వాతి మంగళవారం, ఆవిడొచ్చే రోజు, చెప్పుల చప్పుడు. ఆవిడ పత్రిక నా బల్ల మీద పరిచి, "ఈయన్ని ఎక్కడ చూశారు?" అంది. గొంతులో కోపం లేదు, ఏదో గుడ్డు పట్టుకున్నంత జాగ్రత్త ఉంది. కింద బెంచీ మీదండీ, మీరొచ్చే రోజుల్లోనే అనుకుంటా, ఎప్పుడూ మన కిటికీ వైపే చూస్తుంటాడు అన్నాను. "మా వారు" అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి! నాకేం తెలుసు? ఆయన ఎప్పుడూ పైకి రాలేదు. ఆవిడ వెళ్లే వేళకి నేను ఎడిటరు గదిలో ఉండేవాణ్ణి, ఇద్దరూ కలిసి బండెక్కడం నేను చూడలేదు. క్షమించమని అనబోతే ఆవిడ వినడమే లేదు. "చూస్తుంటారా? నేను కిందికి దిగేసరికి ఎప్పుడూ బండి తుడుస్తూ ఉంటారండీ. తల కూడా ఎత్తరు. నాకంటే ఆ బండే ఎక్కువనుకున్నాను."

 తర్వాత ఏం చేసిందో తెలుసా? చెప్పులు విప్పి నా చేతికిచ్చింది. "మీరు వీటితో మెట్లు దిగండి. మలుపు దాటి వెళ్లకండి." నేను చెప్పులు రెండు చేతులకీ తొడుక్కుని, వంగి, మెట్టు మెట్టుకీ టక టక కొట్టుకుంటూ దిగాను. ఎదురొస్తున్న ఫోర్‌మన్ గోడకి అతుక్కుపోయి, "ఏమైందిరా నీకు?" అన్నాడు. మలుపు దగ్గర ఆగి, మళ్లీ పైకొచ్చాను. ఆవిడ వట్టికాళ్లతో, కిటికీ రెక్క చాటు నుంచి కిందికి చూస్తోంది. నేనూ తొంగిచూశాను. అప్పటిదాకా పైకి చూస్తున్న మనిషి, చెప్పుల చప్పుడు వినపడి, గుడ్డముక్క తీసి, వంగి, మెరిసిపోతున్న సీటునే తెగ తుడిచేస్తున్నాడు.

ఆవిడ చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆ వారం కథ అమ్మాయి వైపు నుంచే వచ్చింది. అతని మాట ఒక్కటీ లేదు. ఎవరూ చూడట్లేదనుకుని అతను ఎదురుచూస్తుంటే, అమ్మాయి చాటు నుంచి చూస్తుంది, అంతే. ఎడిటరు గారు నిలబడే చదివాడు. "అతని వైపు రాయమన్నాను కదమ్మా" అన్నాడు. "మనసు నాకిప్పటికీ తెలియదండీ. నేను లేనప్పుడు ఎలా ఉంటారో చూశాను, అదే రాశాను" అంది. ఆయన ఇంకేం అనకుండా కాగితాలు కంపోజింగ్‌కి పంపించాడు. సీరియల్ ఆగలేదు. మొహం గురించి మళ్లీ ఒక్క ఉత్తరం రాలేదు.

అట్టే రోజులు కాలేదు, నా సైకిలుకి గాలి కొట్టించుకోవడానికి ఆ షాపుకెళ్లాను. మాటల్లో షాపువాడే అన్నాడు, "ఆ స్కూటరాయన్ని అడిగానండీ, వచ్చినప్పుడల్లా పైకేం చూస్తారు అని. మీ కిటికీ మీద పావురాలు గూడు పెట్టాయట కదా, వాటిని చూస్తున్నా అన్నారు." ఇప్పుడు ఆవిడతో ఏమని చెప్పాలిరా అనుకున్నాను. మేడ మీదికొచ్చి కిటికీలోంచి బయటికి వంగి చూశాను. పైన ఏటవాలు రేకు, నున్నగా ఉంది. కింద అచ్చు మిషన్ తిరిగితే గోడంతా వణికేది, ఇక పావురాలెక్కడ నిలుస్తాయి? అక్కడ ఒక్క ఈకైనా లేదమ్మడూ.