తూబా కోసిన కప్పు

సర్వ్‌కోల్ గ్రామస్థులారా, ఈ వానలో రష్త్ నగరం నుంచి కొండెక్కి వచ్చిన మిత్రులారా, ఎఫ్ఫత్ అక్కా!

మీ చెల్లెలు తూబా పోయి వారమైంది. ఆమె కట్టిన ఈ చెక్క బడిలో, ఆమె లేకుండా కూర్చున్నాం. భవనాల ప్లాన్లు గీసే ఒకే ఆఫీసులో ఏళ్ల తరబడి ఆమె పక్క బల్ల దగ్గర పనిచేశాను గనుక నన్ను మాట్లాడమన్నారు. ఏం మాట్లాడను?

ఈ బడికి అనుమతి అడగడానికి తూబా వెళ్లినప్పుడు నేనూ ఉన్నాను. అడవిలో ఒక్క చెట్టు ముట్టుకోనక్కర్లేదు, రైతులు గట్ల మీద పెంచిన పోప్లార్ చెట్ల కలప చాలు అని చెప్పింది. దుంగలు పేర్చి, నేల తడి తగలకుండా బడిని పైకెత్తుతానంది. అనుమతులిచ్చే అధికారి నవ్వాడు. "బడి కడతావా, కోళ్లగూడు కడతావా అమ్మా?" తూబా ఊరుకుంటుందా? "మీ ఆఫీసు గోడల మీద చెమ్మకి పట్టిన బూజు చూశాక, కోళ్లకైనా సిమెంటు వద్దనిపించిందండీ." ఆ ఒక్క మాటకి నాలుగేళ్లు తిప్పాడు. అయినా కట్టింది.

తర్వాత ఆ చలికాలం ఊరిని ముంచెత్తిన మంచు. మీకు నేను చెప్పాలా? ఇళ్లు కూలుతుంటే అందరూ ఇక్కడికే పరుగెత్తుకొచ్చారు. బడి ఎలా ఉందో చూసుకుందామని వచ్చిన మేమిద్దరం మీతోపాటే చిక్కుకుపోయాం. తలుపు కదలదు. కిటికీల నిండా మంచే. కప్పు మీద పేరుకున్న మంచుకి దూలాలు కిర్రుమంటున్నాయి. తూబా స్తంభానికి చెయ్యి ఆనించి, నా చెవిలో అంది: "ఇంత బరువుకి నేను లెక్క వెయ్యలేదు. వీళ్లందర్నీ నేనే బోనులో పెట్టానేమో." ఆ భయం ఎవరు పంచుకోగలరు? లెక్క ఆమెది. కప్పు ఆమెది. దాని కింద మీ పిల్లలు.

నౌరూజ్‌అలీ, ఆ రోజు రంపం నీ చేతిలోనే ఉంది కదా? కప్పు కోసెయ్యమని తూబా అంటే నువ్వు వెనకాడావు. "ఇంత కష్టపడి కట్టుకున్నావు, ఎలా కొయ్యమంటావు ఇంజనీరమ్మా?" "సిమెంటైతే కొయ్యలేకపోయేవాళ్లం. చెక్క కాబట్టి కోస్తున్నాం. ఇలా ఇవ్వు!" మొదటి పలక ఆమే కోసింది. ఆ కన్నంలోంచి మగవాళ్లు పైకెక్కి మంచు తోసేశారు. బతికాం.

బతికాం, సరే. ఆమె? పై ఊళ్లో కాన్పుల ఆసుపత్రి చెక్కతో కడతానని వెళితే, అదే అధికారి "మీ కప్పుకి కన్నం పడిందటగా!" అన్నాడు. అంతే, దారి మూసుకుపోయింది. ఆఫీసు నడవాలి గనుక చివరిదాకా సిమెంటు అపార్ట్‌మెంట్లే గీసింది. కట్టాక ఒక్కటీ చూడటానికి వెళ్లలేదు.

ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రిలో ఆరో అంతస్తులో పడుకున్నప్పుడు, "కాస్త కిటికీ తియ్యండి" అంది. అది తెరుచుకునే కిటికీ కాదు, అద్దం బిగించేశారు. అక్కా, మీరూ నేనూ వేళ్లతో అంచులన్నీ తడిమాం. తూబా మనల్ని చూసి నవ్వింది. "వదిలెయ్యండి. ఇది గీసినవాడు దీన్లో ఎప్పుడూ పడుకోలేదు."

ఇంతకు మించి నాకు చేతకాదు. గోడ పక్కన కూర్చున్నవాళ్లు ఆ కిటికీలు తెరవండి. జల్లు పడితే పడనివ్వండి. టీ గ్లాసులు కింద పెట్టండి. లేవగలిగినవాళ్లం లేచి, తూబా కోసం కాసేపు మాటలాపి నిలబడదాం.