సాంసన్ పంతులు అడగని గట్క

ఏందే ఊర్మిళా, గా మాటలు మళ్లొక్కసారి చదువు. ఆఁ... ఆస్క్, బెగ్, డిమాండ్, ఫోర్స్. ఇన్న, ఇన్న. ఏందీ, అన్నిటికి జరంత ఫరకే, పరీక్షల ఏది పెట్టినా నడుస్తదా? ఎవలు చెప్పిండ్రు, మీ కోచింగ్ సారా? ఆయినెకు చెప్పు, గా జరంత ఫరకుకు మా నాయిన తొమ్మిది నెలలు జైల్ల ఉండి వచ్చిండని. నవ్వకు. నాకు ఇంగ్లీషు ఏడికెల్లి వచ్చిందంటవా? సాంసన్ పంతులు దగ్గర మూడో తరగతి దాంక చదివిన. మీ అమ్మ పుట్టక ముందటి ముచ్చట. మిషను బడి, తాటికమ్మల పాక, పద్నాలుగు మందిమి. బక్కపల్చటి మనిషి, ఒక్కటే తెల్లంగి, దాన్నే ఉతుక్కొని దాన్నే తొడుక్కునేటోడు. ఆయిన నవ్వంగ నేను రెండుసార్లు చూసిననో ఏమో. అబద్ధమాడితె కొట్టకపోయేటోడు, ఎండల నిలబెట్టి తనుగూడ పక్కకే నిలబడేటోడు. "నేను సక్కగ నేర్పలె, నాకూ ఉన్నది శిక్ష" అనేటోడు. గసొంటి మనిషిని ఎట్ల తిడ్తవ్ చెప్పు? ఇంగ్లీషు మాటను ఒంటిగ ఎన్నడు చెప్పలె, ఇరుగుపొరుగు మాటలతోని కలిపి చెప్పేటోడు. "మాటలు పాలోళ్ల లెక్క బిడ్డా, ఇంటిపేరు ఒక్కటే, పొయ్యిలు వేరు. ఏ పొయ్యి కాడ కూసున్నవో ఎరుకుండాలె."

పోలీసు యాక్షన్ అయినంక ఏడాదికనుకుంట. రజాకార్లు పోయిండ్రు, మిలిటరీ వచ్చింది, సంఘపోళ్లు, కమ్యూనిస్టులన్నట్టు, ఇంకా అడివి పట్టుకొని తిరుగుతున్నరు. ఒకనాడు మిట్టమధ్యాన్నం మా వాకిట్లకు సోమక్క వచ్చింది. సంఘంల తిరిగే పిల్ల, ఇరవై ఏండ్లుంటయో లేవో, కాల్ల ముల్లు ఇరిగి కుంటుకుంట వచ్చింది. భుజాన తుపాకి ఉండె, ఉన్నదున్నట్టు చెప్పాలె గద, కని దాన్ని గోడకు ఆనిచ్చి గంత దూరం జరిగి కూసున్నది. "ఎర్రన్నా, జరంత గట్క ఉంటె పెడ్తవా?" అన్నది. మా నాయిన అప్పుడే చేన్లకెల్లి వచ్చి కంచం ముందర కూసున్నడు. మాది అర్ధెకరం మిరప తోట, ఇంట్ల ఉన్నది జొన్నరవ్వ ఉడికిచ్చిన గా గట్కనే. లేచి తన కంచం ఆమె ముందర పెట్టి, తను ఇన్ని నీళ్లు తాగిండు. ఆమె తిన్నది, కంచం కడిగి బోర్లిచ్చింది, పోయింది. గంతే.

పది దినాలకు సోమక్క దొరికిందట. మిలిటరోళ్లు వచ్చి, ఆమెకు కూడు పెట్టినోళ్లని మా ఊరోళ్లను పదకొండు మందిని పశువుల దొడ్ల కూసోపెట్టిండ్రు. ఆఫీసరుకు తెలుగు ముక్క రాదు. ఆయినె ఎంబడి ఒక రైటరు, ఇంగ్లీషుల కాయిదాలు ముందుగాలనే రాసుకొచ్చిండు. పదకొండు కాయిదాలు, అన్నిట్ల ఒక్కటే రాత. ఏలుముద్ర పెట్టు, ఇంటికి పో. పదిమంది పెట్టిండ్రు, పోయిండ్రు. వాళ్లది తప్పని అంటలేను, పిల్లలుగలోళ్లు. మా నాయిన ఒక్కడు "గా కాయిదంల ఏమున్నదో చెప్పుండ్రి" అని కూసున్నడు. ఇగ సాంసన్ పంతులును పిలువనంపిండ్రు. మా అవ్వ, నన్ను కన్నతల్లి సత్తమ్మ, దొడ్డి తలుపు కాడ ఆయిన కాళ్లు పట్టుకున్నది. "పంతులూ, నీ కాల్మొక్కుత. చదవకు. ఏదో ఒకటి చెప్పి ఏలు పెట్టియ్యి." నేను అవ్వ కొంగు పట్టుకొని పక్కకే ఉన్న. పంతులు అవ్వను లేవట్టిండు. లోపలికి పోయి చదివిండు, రాసింది రాసినట్టు. "ఎర్రన్నా, సోమక్క నిన్ను ఫోర్స్ చేసి, తుపాకి చూపెట్టి కూడు గుంజుకున్నదని రాసిండ్రు. నువ్వు ఏలు పెడ్తె ఆమె మీద దోపిడి కేసైతది. నీ మీద ఏముండది." నాయిన, "గట్ల గాదు పంతులూ. అడిగింది, నేను పెట్టిన" అన్నడు.

పంతులు ఆఫీసరుకు ఇంగ్లీషుల చెప్పిండు. ఫోర్స్ అన్నమాట తప్పు దొరా, ఆస్క్ అని రాయాలె అన్నడట. రైటరుకు కోపమొచ్చింది. "ఏందయ్యా నీ పంతులుతనం! ఎట్ల రాసినా కూడు పోవుడే గద!" పంతులు గొంతు పెద్దగ జెయ్యలె. "అడిగినప్పుడు లేదనచ్చు, ఫోర్స్ చేసినప్పుడు లేదనరాదు" అన్నడు. తెలుగుల ఒకసారి, ఇంగ్లీషుల ఒకసారి. ఆఫీసరు జర ఆలోచన చేసి, మరి గీయన లేదనచ్చు గద, ఎందుకనలేదో అడుగుమన్నడు. మా నాయిన, "అనచ్చు దొరా. అనలె" అన్నడు. ఆఫీసరే పెన్ను తీసి గా మాట కొట్టేసి మీద ఇంకోటి రాసిండు. నాయిన ఏలు పెట్టిండు. ఇష్టపడి కూడు పెట్టినందుకు లారీ ఎక్కిచ్చి వరంగల్లు జైలుకు తీస్కపోయిండ్రు. ఎక్కుకుంట పంతులు దిక్కు చూసి తలకాయ ఊపిండు, నా దిక్కు చూడలె. చూస్తె దిగుతడని భయమేమో.

అవ్వ ఇంటికొచ్చి, "వాని నీడ మన గడప తొక్కొద్దు" అన్నది. తెల్లారి మబ్బుల, ఇంకా చీకటుండంగనే, లేచి చూస్తె పంతులు మా బావి కాడున్నడు. ఏతం ఏసి తోటకు నీళ్లు పెడుతున్నడు. సుద్దముక్క పట్టే చేతులాయె, తాడు గుంజి గుంజి బొబ్బలొచ్చినయి. మళ్ల ఎండపొద్దుకు అదే తెల్లంగితోని బడి. దినాం గిదే. అవ్వ గుక్కెడు నీళ్లు ఇయ్యలె. ఆయిన అడుగలె. నేను బడికి పోయిన గని నోరిప్పలె. పంతులు మాట అడుగుతె కిందికి చూసేదాన్ని. ఆయిన ఒక్క మాట మింగితె మా నాయిన ఇంట్లనే ఉండేటోడు గద! ఇప్పుడేమనిపిస్తదా? గిప్పటికి గూడ రెండు తీర్ల అనిపిస్తది బిడ్డా, అబద్ధమెందుకు.

నాలుగు నెలలయినంక ఒకనాడు బావి కాడికి పోయి, ఎత్తిపొడుపుగనే, "పంతులూ, తప్పయింది, మాఫ్ చెయ్యుమని ఇంగ్లీషుల ఎట్లంటరు?" అన్న. తాడు ఆపిండు. బడిల అడిగినట్టే ఆలోచన చేసిండు. "మూడున్నయి సాలమ్మా. కాలు తొక్కినోడు అడిగేది ఎక్స్‌క్యూజ్. జైలు తలుపు తీసి సర్కారు ఇచ్చేది పార్డన్. ఇగ ఫర్గివ్ అంటె, తప్పు తప్పే, అయినా మనిషిని మళ్ల ఇంట్లకు రానిచ్చుడు." "మరి నువ్వు మా అవ్వను ఏది అడుగుతవ్?" అన్న. "నేను అడుగ" అన్నడు. "మీ తోటకు నీళ్లు పెట్టుకుంట అడిగితె మీరు లేదనలేరు. లేదనరాని కాడ అడిగితె గది ఆస్క్ గాదు బిడ్డా, ఫోర్సే." అని మళ్ల తాడు గుంజిండు.

నాకప్పుడు పూర సమజ్ కాలె. తొమ్మిదేండ్ల పిల్లను. కని గా మాట కడుపుల కూసున్నది. చలికాలమొచ్చింది, మిరపకాయ పండవట్టింది, నాయిన ఇంకా రాలె. ఒకనాడు నా వంతు గట్క గిన్నెల పట్టుకొని బావి కాడికి పోయి రాయి మీద పెట్టిన. పంతులు చూసి, "ఎవరు పంపిండ్రు?" అన్నడు. "ఎవలు పంపలె. నువ్వు అడుగలె" అన్న. కూసున్నడు. ఒక్క ముద్ద నోట్ల పెట్టుకున్నడు. "ఉప్పు లేదు బిడ్డా" అన్నడు. నిజమే, మర్చిపోయిన. ఇంటికి ఉరికిన, ఉప్పు కుండ కాడ అవ్వ ఉన్నది. గిన్నె లేదని ఎప్పుడో చూసుకున్నట్టున్నది. ఏడికి అనలె, ఎవలకు అనలె. మోదుగాకుల ఉప్పు పెట్టింది. నేను తిరిగిన. "ఆగు" అన్నది. కొత్త మిరపకాయ ఒకటి నిప్పుల కాల్చి, గా ఉప్పు పక్కకు పెట్టింది.

...ఏందట్ల చూస్తున్నవ్? పుస్తకం దిక్కు చూడు. పరీక్ష నీకు, నాకు గాదు.